మిగిలిన అరకప్పు

“తప్పు చెప్పానని ఒక్క మాట అను, అమ్మా. నాతో కాదు, పిల్లతో.”

“తప్పయితే అంటాను. కొలిచి చూశాను కదే. అరకప్పు మిగిలింది.”

“అరకప్పు మిగిలింది. ఎవరూ కాదన్లేదు. కానీ ఆన్సరు ఆరున్నర కాదు.”

“ఆరు కొలతలు పోయి, పైన అర మిగిలితే, ఆరున్నర కాక ఏమవుతుంది? ఏడుంబావా?”

“ఆరూ, మూడింట రెండూ.”

“మూడింట రెండట! మా నాన్న కొట్టులో ఎవరైనా వింటే నవ్విపోతారు.”

“ఇది తాతయ్య కొట్టు కాదమ్మా. గ్రేడ్ సెవెన్.”

“లెక్క ఎక్కడైనా లెక్కే.”

“మరి దాని లెక్క ఎందుకు చెరిపించావు?”

నేను పెరుగు డబ్బా మూత కడుగుతూ ఉండిపోయాను.

జనవరి నెల. సాయంత్రం అయిదింటికే కెనడాలోని ఈ బ్రాంప్టన్‌లో వీధి దీపాలు వెలుగుతాయి. నా కూతురు పక్క ఊరు వాన్‌లో ఒక గోడౌను ఆఫీసులో పని చేస్తుంది. ఇంట్లో అడుగుపెట్టి, కోటు కూడా విప్పకుండా ఈ గొడవ మొదలుపెట్టింది. బూట్లకు అంటిన మంచు కరిగి గుమ్మం దగ్గర చాప తడిసిపోతోంది.

“ముందు ఆ బూట్లు విప్పు. చాప నానుతోంది.”

“చాప సంగతి తర్వాత. రేపు పొద్దున ఎనిమిదింటికి దానికి రీటెస్టు. రేపు కూడా ఆరున్నరే రాస్తానంటోంది. టీచరు చెప్పింది, నేను చెప్పాను, ఫోన్లో వీడియో పెట్టి చూపించాను. ‘అమ్మమ్మ మెజర్ చేసి చూపించింది’ అంటుంది. ఇంకెవరు చెప్పినా ఎక్కదు.”

“నా మాట వింటోందని నీకు కష్టంగా ఉందా?”

“నీ మాట వినే అయిదుకి రెండు మార్కులు తెచ్చుకుంది.”

మనవరాలు మెట్ల మీద కూర్చుని ఉంది. పన్నెండేళ్ళ పిల్ల. స్వెట్టరుకున్న టోపీ తల మీదికి లాక్కుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, టీవీలో వాతావరణం వార్తలు చూసినట్టు మమ్మల్ని చూస్తోంది. ఏడవడం లేదు. కోపంగానూ లేదు. అప్పటికి ఏడాదిగా మా ఇంట్లో ఎవరి ముఖమూ అంతకంటే ఎక్కువ కదలడం లేదు.

ఆ రీటెస్టు పోతే లెక్కల పీరియడ్‌కు దాన్ని క్లాసులోంచి లేపి వేరే గదికి పంపుతారు. జూన్ దాకా రోజూ అంతే. అక్కడ ఇంకో నలుగురు పిల్లలు ఉంటారట, చిన్న క్లాసుల లెక్కలు మళ్ళీ మొదటి నుంచీ చెబుతారట. పిల్ల ఆ విషయం నాతో ఒక్కసారే అంది. “అందరూ చూస్తుంటే లేచి వెళ్ళాలి అమ్మమ్మా. ఎవ్రీ డే.” మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగం. గుంటూరు జిల్లాలో మా నాన్నకు బియ్యం కొట్టు ఉండేది. కొలిచే మనిషి మానేసి వెళ్ళిపోతే, బడి మాన్పించి నన్ను ఆ పీట మీద కూర్చోబెట్టారు. మానిక, సోల, గిద్ద. మొదటి మానికకు ఒకటి అనకూడదు, లాభం అనాలి. లెక్క మరిచిపోకుండా, పోస్తున్నంతసేపూ ఆ అంకెనే పైకి అనుకుంటూ ఉండాలి. లాభం, లాభం, లాభం. రెండు, రెండు, రెండు. పదేళ్ళ పిల్లను, రోజంతా అదే పాట.

గోనె అడుగున మానిక నిండనంత మిగిలితే, ఇక మానిక పక్కన పెట్టి సోల అందుకోవాలి. సోల నిండకపోతే గిద్ద. ‘ఆరు మానికలూ ఒక సోలా’ అని చెప్పాలి. మానికలో ఇంత ముక్క అని చెబితే నాన్న ఊరుకునేవారు కాదు. నిండని మానికకు మా కొట్టులో పేరు లేదు. పైగా మా కొలతలన్నీ సగాలే. అర, పావు, పరక, వీసం. సగంలో సగం, దానిలో మళ్ళీ సగం. మూడో వంతు అన్న మాట అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు విన్నాను గానీ, కొలపాత్ర దగ్గర ఎన్నడూ వినలేదు.

ఇంట్లో పిల్లకు లెక్కలు చెప్పడం నా పని కాదు. అది మా ఆయన పని. ఆయన గుమాస్తా ఉద్యోగం చేసిన మనిషి, ఇంగ్లీషు చదవగలరు. కిందటి జనవరిలో పోయారు. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. రెండు రోజులు ఆగి చూశాను, అప్పుడూ రాలేదు. తర్వాత చూడడం మానేశాను.

నాలుగో రోజో అయిదో రోజో, మనవరాలు బడి నుంచి వచ్చి పుస్తకం పట్టుకుని వంటింట్లో ఆయన కూర్చునే కుర్చీకి ఎదురుగా కూర్చుంది. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న గిన్నెతో సహా వెళ్ళి నేను అందులో కూర్చున్నాను. అది ఇంగ్లీషులో చదివి, వచ్చీ రాని తెలుగులో నాకు చెప్పేది. నేను విని, అవును, కాదు అనేదాన్ని. చాలాసార్లు నా నోటి లెక్క దాని కాగితం లెక్కకు సరిపోయేది. అలా ఏడాది గడిచింది.

ఆ గొడవకు రెండు వారాల ముందు ఈ లెక్క వచ్చింది. ఒకావిడ దగ్గర అయిదు కప్పుల ఓట్స్ ఉన్నాయి. ఒక్కోసారి జావకు ముప్పావు కప్పు పోస్తుంది. ఎన్నిసార్లకు వస్తాయి? పిల్ల కాగితం మీద ఏదో గీకి, ఆరూ టూ థర్డ్స్ అంది.

“ఎట్లా వచ్చింది?”

“ముప్పావుని ఫ్లిప్ చెయ్యాలి. పైది కింద, కిందది పైన. తర్వాత మల్టిప్లై.”

“ఎందుకు తిరగెయ్యాలి?”

“ఐ డోంట్ నో. మిస్ చెప్పింది.”

“ఎందుకో తెలియకుండా తిరగేస్తే అట్టు మాడుతుంది. ఉండు.”

మా ఇంట్లో కప్పు, అరకప్పు, పావు కప్పు ఉన్నాయి, ముప్పావుది లేదు. పెరుగు డబ్బా ఒకటి తీసి, పావు కప్పుతో మూడుసార్లు బియ్యం పోసి, ఆ ఎత్తు దగ్గర గీత పెట్టి కత్తెరతో కత్తిరించాను. నాలుగు వైపులా సమంగా వచ్చింది. అయిదు కప్పుల బియ్యం పళ్ళెంలో పోసి, ఆ డబ్బాతో కొలవడం మొదలుపెట్టాను. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడోది నిండలేదు. నిండలేదు గనుక డబ్బా పక్కన పెట్టి అరకప్పు అందుకున్నాను. సరిగ్గా తలకొట్టు, అంచుకు సమంగా వచ్చింది.

“ఆరున్నర” అన్నాను. “చెరుపు.”

“కానీ అమ్మమ్మా, మిస్ చెప్పిన మెథడ్‌లో...”

“బియ్యం అబద్ధం చెబుతుందా?”

కొత్త కాగితం తీసుకోబోయింది. రబ్బరు ఉండగా కాగితం దేనికి అన్నాను. చెరిపి, ఆరున్నర అని రాసింది. తర్వాతి లెక్క, రెండున్నర మీటర్ల రిబ్బనులో ముప్పావు మీటరు ముక్కలు ఎన్ని అని. అది మూడూ, మూడో వంతూ అంది. పావు మీటరు మిగులుతుంది కదా, మూడుంబావు అని రాయమన్నాను. మరోటి, నాలుగు లీటర్ల పళ్ళరసం, ముప్పావు లీటరు సీసాలు. అయిదుంబావు అన్నాను. మూడూ చెరిపింది. నాలుగోసారి నుంచి నన్ను అడగకుండానే నా పద్ధతిలో చేసింది. చురుకైన పిల్ల, త్వరగా పట్టుకుంటుంది.

బడిలో పరీక్ష పెట్టినప్పుడు అయిదు లెక్కల్లో మూడు అలాంటివే వచ్చాయి. మూడూ నా పద్ధతిలోనే రాసింది. మూడూ పోయాయి.

టీచరు పాత హోంవర్కు కాగితం కూడా తీసి చూసిందట. రబ్బరు పెట్టిన చోట పెన్సిలు గుర్తులు కనపడుతూనే ఉన్నాయి. వాటి చుట్టూ ఆకుపచ్చ సిరాతో సున్నాలు చుట్టి, పక్కన ఒక ముక్క రాసి ఇంటికి పంపింది. నా కూతురు దాన్ని చదివి వినిపించింది. “నువ్వు చెరిపినవి మూడూ కరెక్టు. ఎందుకు మార్చావు?” అని రాసి ఉంది. ఎందుకో పిల్ల బడిలో చెప్పలేదు. ఇంట్లో వాళ్ళమ్మకు చెప్పింది.

అదీ ఆ సాయంత్రం జరిగిన గొడవ. సింకు దగ్గర నేను, గుమ్మంలో కూతురు, మెట్ల మీద పిల్ల.

“నువ్వు అనవులే” అంది నా కూతురు చివరికి, బూట్లు విప్పుతూ. “నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయనతో కూడా ఎప్పుడూ అన్లేదు. ‘మీ అమ్మ తప్పు చేస్తే ప్రపంచం పక్కకి జరుగుతుంది’ అనేవారు పాపం.”

“ఆయన నవ్వుతూ అనేవారు.”

“నవ్వుతూనే అనేవారు. అంటే నిజం కాదనా?”

కోటు తగిలించి పైకి వెళ్ళిపోయింది. పిల్ల కూడా లేచి వెళ్ళింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మొదలైంది. నేను వంటింట్లో రెండో దీపం ఆర్పేసి, బియ్యం డబ్బా కిందికి దించాను. నిజమేమిటో తెలుసుకుందామని కాదు. వాళ్ళు కిందికి వచ్చేసరికి బల్ల మీద కొలిచి పెట్టి, ఇదిగో చూసుకోండి అందామని.

అయిదు కప్పులు పళ్ళెంలో పోశాను. ఆరు డబ్బాలు కొలిచి ఆరు కుప్పలు పెట్టాను. మిగిలినది అరకప్పులో పోస్తే తలకొట్టు వచ్చింది. అంతా ఆ రోజు లాగానే ఉంది. వాళ్ళకు బాగా కనపడాలని ఆ అరకప్పును మళ్ళీ కత్తిరించిన డబ్బాలో పోశాను. సగానికి ఉండాలి. సగానికి లేదు. సగం దాటి పైకి వచ్చి ఆగింది.

డబ్బాను బల్ల మీద తట్టి, బియ్యం సర్ది మళ్ళీ చూశాను. దాటే ఉంది. పావు కప్పు తీసుకుని ఒక్కసారి పోశాను. డబ్బా నిండిపోయింది. అంచు దాకా, ఒక్క గింజ పొర్లకుండా.

ఆ డబ్బా మూడు పావులది. నేనే పోసి, నేనే కత్తిరించాను. ఉన్నవి రెండు పావులు, తక్కువైంది ఒకటి. అంటే మూడింట రెండు.

కుర్చీలో కూర్చున్నాను. ఆరు మానికలూ ఒక సోలా అంటే ఏడు మానికలు కాదని పదేళ్ళప్పుడే నాకు తెలుసు. మానిక మానికే, సోల సోలే, రెండిటి పేర్లూ విడివిడిగా చెప్పాలి. ఇక్కడ నేను ఆరు అన్నది డబ్బాలు, అర అన్నది కప్పులో. పేర్లు వదిలేసి రెండూ కలిపి ఆరున్నర అన్నాను. నాన్న వింటే నవ్వేది నన్ను చూసే.

సిగ్గు వెయ్యాలి. వేసినట్టు లేదు. వేళ్ళు చల్లగా ఉన్నాయి, బియ్యంలో పెట్టినందుకేమో. కుప్పలు అలాగే ఉంచి పిల్లను పిలిచాను.

వచ్చింది. టోపీ తియ్యలేదు.

“ఈ డబ్బాలో పావులెన్ని?”

“త్రీ.”

డబ్బా ఖాళీ చేసి అరకప్పు పోశాను. “ఇప్పుడెన్ని ఉన్నాయి?”

“టూ.” అని, నా ముఖం చూసింది.

“మూడింట రెండు” అన్నాను. “నువ్వు ముందు రాసిందే సరి. నేను చెప్పింది తప్పు.”

“కానీ మిగిలింది హాఫ్ కప్ కదా?”

“మిగిలింది అరకప్పే. వాళ్ళు ఎంత మిగిలిందని అడగలేదు, ఎన్నిసార్లకు వస్తాయని అడిగారు. ఆ అరకప్పు ఈ డబ్బాలో ఎన్నో వంతో చెప్పాలి. నేను కప్పులో ఎంతో చెప్పాను.”

“సో, ఐ వాజ్ రైట్.”

“ఆఁ.”

“నువ్వు ఇరేజ్ చేయించావు.”

“చేయించాను.”

“త్రీ టైమ్స్.”

“మూడుసార్లు.”

కాసేపు కుప్పల వంక చూసింది. “బియ్యం అబద్ధం చెప్పదన్నావు.”

“బియ్యం చెప్పలేదు. నేనే చెప్పాను.”

అది నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. “మరి ఫ్లిప్ ఎందుకు? మిస్‌ని అడిగితే, ‘రూల్’ అంది. నీకు తెలుసా?”

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ పూట ఒప్పుకున్న రెండో మాట ఇది, మొదటి దానికంటే తేలిగ్గా వచ్చింది. తెలియనప్పుడు నాకు వచ్చిన పని ఒకటే, కొలవడం. అయిదు కప్పులు ఎందుకు, ఒక్క కప్పుతో చూద్దాం అనుకుని, ఒకే కప్పు బియ్యం పళ్ళెంలో పోశాను. డబ్బాతో ఒకసారి తీశాను. పావు కప్పు మిగిలింది. దాన్ని మళ్ళీ ఖాళీ డబ్బాలో పోశాను.

“ఒక కప్పులో ఈ డబ్బాలు ఎన్ని?” అన్నాను.

“వన్... అండ్ వన్ థర్డ్.”

“మూడో వంతుల్లో చెప్పు. నిండు డబ్బాలో ఎన్ని?”

“మూడు. ఇంకోటి. ఫోర్. ఫోర్ థర్డ్స్.” ఆగింది. పెన్సిలు తీసుకుని పాత కాగితం మూల మీద మూడు కింద నాలుగు రాసింది. పక్కనే నాలుగు కింద మూడు రాసింది. “ఓ. అదే ఫ్లిప్. ఒక్క కప్పుకి ఎన్నో అది. అయిదు కప్పులు కాబట్టి ఇంటూ ఫైవ్.”

“నాకు ఆ రాతలు తెలియవు. బియ్యం ప్రకారం అంతే.”

“నో, అమ్మమ్మా, అదే!” అంది. మరీ గట్టిగా ఏమీ కాదు.

“రెండు కప్పుల పిండి. అదే ముప్పావు కొలత. ఎన్ని?”

గీకింది. “టూ అండ్ టూ థర్డ్స్.”

“ఎంత మిగిలింది?”

“హాఫ్ కప్.”

“రాయాల్సిందేది?”

“టూ థర్డ్స్.” కళ్ళు ఎత్తకుండా అంది. “ఐ నో.”

ఇంకో నాలుగు ఇచ్చాను. ఒకదానిలో తొందరపడి మొదటి అంకెను తిరగేసింది. కొలిచేది దేంతోనో దాన్నే తిరగెయ్యాలి, కొలవబడేదాన్ని కాదు అన్నాను. దిద్దుకుంది. మిగతావి సరిగ్గానే వచ్చాయి. బియ్యం మళ్ళీ డబ్బాలో పోసి, బల్ల మీద రాలిన గింజలు ఏరాను. నా కూతురు తలకు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. విన్నట్టే ఉంది. కంచాలు తీసి పెట్టింది. ముగ్గురం చారూ అన్నం తిన్నాం.

మర్నాడు ఏడున్నరకు మంచు తక్కువగానే పడుతోంది. నా కూతురు ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, పిల్లను బడికి తనే తీసుకెళ్ళింది. నేను జడ వేస్తానంటే పిల్ల వద్దంది, రబ్బరు బ్యాండు పెట్టుకుని వెళ్ళిపోయింది. తొమ్మిది కావస్తుండగా ఫోన్ మోగింది.

“టీచరు అక్కడికక్కడే దిద్దింది” అంది నా కూతురు. “అయిదుకి నాలుగు. ఆ గదికి వెళ్ళక్కర్లేదు.”

“ఒకటి ఎక్కడ పోయింది?”

“నువ్వు అడుగుతావని తెలుసు. ఆఖరిది రాయలేదుట, టైము చాల్లేదుట.”

“అయిదు లెక్కలకి టైము చాలకపోవడమేమిటి?”

“అమ్మా.”

“సరే. సరే.”

కారులో వైపర్ల చప్పుడు వినిపిస్తోంది. ఫోను పెట్టెయ్యలేదు. “ఇంకోటి” అంది. “ఇవాళ్టి నుంచి హోంవర్కు తన రూములోనే చేసుకుంటుందిట. నీకు నన్ను చెప్పమంది. కోపం ఏం లేదంది.”

“మంచిదే. దానికి వచ్చేసింది కదా” అన్నాను.

“నీకేం పర్లేదా?”

“నాకేం? నువ్వు జాగ్రత్తగా నడుపు, రోడ్డు జారుతుంది.”

ఫోను పెట్టేశాను. పెసరపప్పు కడిగి పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించాను.